రాక్షసుడితో బేరమాడేవాడు కండక్టర్‌ని చిల్లర అడగలేడెందుకు?

బస్సు కండక్టర్ ఇవ్వాల్సిన పది రూపాయల చిల్లర అడగడానికి నోరు రాక దిగిపోయే కుర్రాడే, ఆదివారం మధ్యాహ్నం స్నేహితుడి మేడ మీద గదిలో కూర్చుని, వంతెన కాపలా కాసే రాక్షసుడితో సుంకం మీద అరగంట బేరమాడతాడు. బెదిరిస్తాడు, బుజ్జగిస్తాడు, ‘మా గురువుగారి గడ్డం మీద ఒట్టు’ అని దొంగ ఒట్టు కూడా వేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆట ముగిసి చెప్పులేసుకుంటుంటే ఆ ఇంటావిడ “టీ తాగి వెళ్ళు నాన్నా” అంటుంది. అంతే, నోట మాట ఉండదు. తల అడ్డంగా ఊపి మెట్లు దిగిపోతాడు.

ఒడిశాలోని బరంపురంలో కాలేజీ పిల్లలకీ, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళకీ, తలో పాత్ర పట్టి ఆడే ఈ రోల్ ప్లేయింగ్ ఆటలు నడిపేవాళ్ళలో నేనూ ఒకణ్ని. మా బల్ల దగ్గరికి బెరుకు మనుషులు బాగానే వస్తారు. వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగేది మాత్రం ఒకటే: “అక్కడ అంత వాగేవాడికి ఇంటికొచ్చిన చుట్టాలతో నాలుగు ముక్కలు మాట్లాడ్డానికి ఏం రోగం?” ఆ కోపంలో న్యాయం లేదు గానీ ప్రశ్న మాత్రం మంచిదే. దానికి జవాబు దొరికితే, ఈ ఆట ఎవరికి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఎదురు తిరుగుతుందో కూడా తెలుస్తుంది.

ముందు ఆట సంగతి. రోల్ ప్లేయింగ్ గేమ్ అనగానే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కత్తి పట్టుకుని తిరిగే బొమ్మ గుర్తొస్తుంది. అవి తర్వాత వచ్చాయి. మొదటిది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారు చేసిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్. దీనికి తెర అక్కర్లేదు. ఒక బల్ల, నలుగురైదుగురు మనుషులు, కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచిక ఉంటే చాలు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కూర్చుంటారు. ఊరు ఎలా ఉంది, తలుపు వెనక ఏముంది, కాపలావాడు ఏమన్నాడు అన్నది ఆ మనిషి చెప్పాలి. మిగతావాళ్ళు తలో పాత్ర పట్టుకుని ‘నేను ఇలా చేస్తాను’ అంటారు. అవుతుందో లేదో తేలని చోట పాచిక వేస్తారు. గెలిచేవాడూ ఓడేవాడూ ఉండడు, కథ ముందుకు పోతుంది.

లోపల జరిగేది

నలుగురిలోకి వెళ్ళినప్పుడు కాస్త జంకడం జబ్బు కాదు. కొత్త కోడలు జంకుతుంది, మొదటి రోజు లెక్చరర్ జంకుతాడు, రెండు వారాల్లో సర్దుకుంటారు. డాక్టర్లు సోషల్ యాంగ్జైటీ అనేది వేరు. జనం నన్నే చూస్తున్నారు, నాలో తప్పు పట్టేస్తారు, నన్ను చులకన చేస్తారు అన్న భయం ఆరు నెలలు దాటినా వదలకుండా, చదువుకీ ఉద్యోగానికీ పెళ్ళి పేరంటాలకీ అడ్డుపడే స్థితి అది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని 1980లో విడి జబ్బుగా తన జాబితాలో చేర్చింది. చాలామందికి టీనేజ్‌లోనే మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు ‘మావాడు చాలా నెమ్మదస్తుడండీ’ అని మురిసిపోతూ ఉండగానే ముదిరిపోతుంది కూడా.

ఈ భయం ఎలా నిలబడుతుందో 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు వివరించారు. ఇప్పటికీ చికిత్సలో వాడే వివరణ ఇది. భయం ఉన్న మనిషి పదిమంది మధ్యకి రాగానే అతని దృష్టి ఎదుటివాళ్ళ మీంచి తన మీదికి తిరిగిపోతుంది. చేతులు వణుకుతున్నాయా, గొంతు బొంగురుపోయిందా, ముఖం ఎర్రబడిందా అని తనను తాను కాపలా కాసుకుంటాడు. లోపల గుండె దడదడలాడుతోంది కాబట్టి బయటికి కూడా అలాగే కనిపిస్తోందని నమ్మేస్తాడు. ఎదుటివాళ్ళ ముఖంలో ఏముందో చూడడు, చూసే తీరిక లేదు. అందుకే నిజానికి వాళ్ళు మామూలుగానే ఉన్నారన్న సమాచారం అతనికి ఎప్పటికీ అందదు.

దీనికి తోడు రక్షణ కోసం చేసే చిన్న చిన్న పనులు కొన్ని ఉంటాయి. చెప్పబోయే వాక్యాన్ని లోపల పదిసార్లు వల్లెవేసుకోవడం, చెయ్యి వణుకు కనబడకుండా గ్లాసు గట్టిగా పట్టుకోవడం, కళ్ళు ఫోన్‌లో పెట్టుకోవడం, పెళ్ళిలో భోజనాల వేళకి వెళ్ళి చేయి కడుక్కోగానే మాయమవడం. ఆ పూట గండం గడుస్తుంది. ‘అలా చేశాను కాబట్టే బయటపడ్డాను’ అన్న నమ్మకం మిగులుతుంది. తర్వాత ఇంటికొచ్చి పోస్ట్‌మార్టం. ‘ఆ మాట ఎందుకన్నాను, ఆవిడ ఎందుకు అలా చూసింది’ అని రాత్రి రెండింటిదాకా దొర్లడం. మర్నాటికి జరిగింది పోయి, ఊహించుకున్నదే జ్ఞాపకంగా స్థిరపడుతుంది.

బల్ల దగ్గర మారేది

ఇప్పుడు ఆ కుర్రాణ్ని వంతెన మీద రాక్షసుడి ముందు నిలబెట్టండి. అతని దృష్టికి లోపలికి తిరిగే ఖాళీ లేదు. ఎదురుగా మ్యాపు ఉంది, తన పాత్రకి ఎంత ప్రాణం మిగిలిందో లెక్క చూసుకోవాలి, పక్కవాడు బాణం ఎక్కుపెట్టాడో లేదో గమనించాలి, రాక్షసుడు ‘ముప్పై వరహాలు’ అన్నాడా ‘మూడు వందలు’ అన్నాడా వినాలి. మన చెయ్యి వణుకుతోందా అని చూసుకోవడానికి తీరిక ఉండదు. సోషల్ యాంగ్జైటీ చికిత్సలో దృష్టిని బయటికి మళ్ళించడం నేర్పుతారు. ఆట నియమాలు ఆ పనిని అడక్కుండానే చేయిస్తాయి.

రెండోది వంతు. మామూలు కబుర్లలో ఎప్పుడు నోరు పెట్టాలో తెలియకపోవడమే పెద్ద హింస. ఒకరు ఆపీ ఆపకముందే ఇంకొకరు అందుకుంటారు. బెరుకు మనిషి తన వాక్యాన్ని సిద్ధం చేసుకునేసరికి సంభాషణ క్రికెట్ నుంచి సంబంధాల దాకా వెళ్ళిపోయి ఉంటుంది. ఆటలో యుద్ధం వచ్చినప్పుడు అందరూ పాచిక వేసి వరస తేల్చుకుంటారు. నీ వంతు వచ్చినప్పుడు బల్ల మొత్తం నీకోసం ఆగుతుంది. ‘అడ్డొస్తున్నానేమో’ అన్న అనుమానానికి చోటు లేదు.

మూడోది పాచిక. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, కాబట్టి కాస్త లెక్క చూద్దాం. రాక్షసుణ్ని ఒప్పించాలంటే పాచిక మీద పడ్డ అంకె, నీ పాత్ర మాటకారితనానికి ఇచ్చే అదనపు అంకె కలిపి 15 రావాలని గేమ్ మాస్టర్ అనుకున్నాడనుకోండి. ఏ అదనమూ లేని మామూలు పాత్రకి 15 నుంచి 20 దాకా ఏదో ఒకటి పడాలి, అంటే 30 శాతం అవకాశం. మాటలతో కోటలు కట్టే పాత్రకి మొదటి లెవెల్‌లోనే అదనంగా 5 ఉండొచ్చు. వాడికి 10 పడితే చాలు, అంటే 55 శాతం. అంత మాటకారికీ దాదాపు సగం సార్లు బేరం బెడిసికొడుతుంది! మాట తిరగబడడం ఇక్కడ రోజూ జరిగే సంగతి. అది అందరి ముందూ జరుగుతుంది, తప్పు పాచికదవుతుంది, పైగా కథ అక్కణ్నుంచే రసకందాయంలో పడుతుంది. పదిమందిలో మాట చెల్లకపోతే కొంప మునిగిపోతుందని పదేళ్ళుగా నమ్మినవాడికి, మాట చెల్లకపోగానే అందరూ ‘అయ్యో’ అని అరిచి మిక్చర్ పొట్లం అందించడం కొత్త అనుభవం.

నాలుగోది చాలామందికి తెలియదు. పాత్రగా మాట్లాడాలంటే నాటకంలో లాగా గొంతు మార్చి సంభాషణలు చెప్పక్కర్లేదు. ‘నా పాత్ర కాపలావాణ్ని పొగిడి పక్కకి తీసుకెళ్తుంది’ అని మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పినా సరిపోతుంది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి ఆటగాళ్ళ పుస్తకంలో ఈ రెండు పద్ధతులనీ సరిసమానంగా చెప్పారు. ఇంటర్నెట్‌లో వృత్తి నటులు ఆడే ఆటలు చూసి వచ్చినవాళ్ళు ‘నాకు అలా రాదు’ అని మొదటి రోజే బెదిరిపోతుంటారు. అలా రానక్కర్లేదు. మా బల్ల దగ్గర నెలల తరబడి ‘నా పాత్ర అంటుంది’ తోనే నెట్టుకొచ్చినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పాత్రలంటే అందరికీ ప్రాణం.

వేషం

వేషం వేసుకుంటే ధైర్యం వస్తుందన్నది బరంపురంవాళ్ళకి అమెరికా నుంచి ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో ఊరు ఊరంతా వేషాలే. మొక్కు ఉన్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి అమ్మవారి ముందుకు వస్తారు. అందులో పులివేషం చూడండి. ఒళ్ళంతా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, వెనక తోక, ముందు డప్పులు. చెమటకి రంగు కారి మెడ దగ్గర చారలు కలిసిపోతున్నా ఆ మనిషి ఆగడు. ఏడాది పొడుగునా వీధిలో తల వంచుకుని నడిచే మనిషి ఆ రోజు నడివీధిలో గాండ్రిస్తాడు, జనం దారి ఇస్తారు. ‘ఫలానావాళ్ళ అబ్బాయి ఇలా ఎగురుతున్నాడేంటి’ అని ఎవరూ అనరు, ఎగిరేది పులి కాబట్టి. పగటి వేషాలవాళ్ళకీ అంతే. వేషంలో ఉన్నంతసేపు ఊరి పెద్దనైనా ఏకిపారేయొచ్చు.

తెర మీది ఆటల్లోనూ ఇలాంటిదే కనిపించింది. 2007లో నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే పరిశోధకులు మనుషులకి కంప్యూటర్ లోకంలో రకరకాల రూపాలు ఇచ్చి చూశారు. పొడుగ్గా ఉన్న రూపం దక్కినవాళ్ళు డబ్బు పంపకాల బేరంలో గట్టిగా నిలబడ్డారు, అందమైన రూపం దక్కినవాళ్ళు ఎదుటివాళ్ళకి దగ్గరగా వెళ్ళి తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు. వేసుకున్న రూపాన్ని బట్టి నడత మారడం అనేది ఉంది.

అయితే చిక్కు కూడా ఇక్కడే. వేషం మనిషిని ముందుకి నెట్టగలదు, దాక్కోవడానికి గోడగానూ మారగలదు. కొత్తగా వచ్చే బెరుకు ఆటగాళ్ళలో చాలామంది ఎంచుకునే పాత్ర ఒకటుంది. నల్ల దుప్పటి కప్పుకుని, సత్రంలో మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని, ఎవరితోనూ మాట్లాడని, గతంలో ఏదో విషాదం ఉన్న వేటగాడు. ఎవరైనా పలకరిస్తే ‘హుఁ’ అంటాడు. ఈ పాత్ర అచ్చం క్లార్క్, వెల్స్ చెప్పిన రక్షణ పనే, కాకపోతే కత్తీ విల్లూ తగిలించారు. పెళ్ళిలో ఫోన్ చూసుకుంటూ మూల కూర్చునేవాడు ఇక్కడికొచ్చి సత్రంలో మూల కూర్చున్నాడు. నాలుగు గంటలు ఆడాడు, మాట్లాడింది లేదు, భయం ఇసుమంత కూడా తగ్గలేదు. దీనికి కవల ఇంకొకటి: ప్రతిదానికీ జోకు వేసి తప్పించుకునే విదూషకుడు. వాడు గలగలా మాట్లాడుతున్నట్టే ఉంటాడు గానీ, ఒక్కసారి కూడా ‘ఇది నాకు కావాలి’ అని సూటిగా అనడు. జోకు పేలకపోతే పోయేది జోకే, కావాలన్నది దక్కకపోతే పోయేది తను.

కాబట్టి పాత్ర ఎంచుకునేటప్పుడు నేను కొత్తవాళ్ళని అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ పాత్ర నువ్వు బయట చేయలేనిదాన్ని కాస్త చేయిస్తుందా, లేక చేయక్కర్లేకుండా కాపాడుతుందా? మాట్లాడడమే గండమైనవాణ్ని పట్టుకుని గుంపుకి నాయకుడి పాత్ర ఇవ్వమని కాదు. మూగ వేటగాడికి బదులు, గాయాలకి మందు వేసే వైద్యుడి పాత్ర తీసుకోమంటాను. దెబ్బ తగిలిన ప్రతివాడూ అతని దగ్గరికే వస్తాడు, ‘ఎక్కడ నొప్పి?’ అని అతను అడిగి తీరాలి. మాట అవసరంలోంచి పుడుతుంది, కబుర్ల చాతుర్యం అక్కర్లేదు. నేను చూసినంతలో పిరికి ఆటగాళ్ళకి ఇంతకన్నా మంచి మొదటి పాత్ర లేదు.

వేషం పక్కన పెట్టాక

ఇన్నేళ్ళూ ఆటలు నడిపాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. రాక్షసుడితో చేసిన బేరం దానంతట అదే కండక్టర్ దాకా రాదు. ఒక గదిలో, ఒక పేరుతో, ఒక వేషంలో పోయిన భయం ఆ గదిలోనే పోతుంది. బయటికి వెంటొచ్చేది ఆట చుట్టూ, సొంత పేరుతో, సొంత గొంతుతో మాట్లాడిన నాలుగు ముక్కలు. ‘వచ్చే ఆదివారం నాకు కుదరదు.’ ‘ఆ నిధిలో నా వాటా మర్చిపోయారు.’ ‘మొన్న నువ్వు నా పాత్రని వెక్కిరించడం నాకు నచ్చలేదు.’ ‘సమోసాలకి నేనిచ్చింది ఎక్కువైంది, ఇరవై తిరిగివ్వు.’ ఆట ఈ మాటలకి ఒక కారణం, ఒక అలవాటైన చోటు, ఇప్పటికే తనతో నవ్విన నలుగురు మనుషులు అందిస్తుంది.

అందుకని మెట్లు ఇలా ఎక్కితే మంచిది. మొదట మూడో మనిషిలా చెప్పడం. అది అలవాటయ్యాక పాత్ర నోటితో ఒక్క వాక్యం. తర్వాత గేమ్ మాస్టర్ నడిపే దుకాణదారుతోనో కాపలావాడితోనో రెండు నిమిషాల సంభాషణ. దాని తర్వాత తోటి ఆటగాడి ఆలోచనని పాత్రగా కాదనడం, ఇది చాలామందికి పెద్ద గుటక. ఆ తర్వాత అదే కాదనడాన్ని వేషం లేకుండా. ఆపైన ఒక ఆదివారం ఆటకి అందరికీ ఫోన్ చేసి టైమ్ ఖాయం చేసే బాధ్యత తీసుకోవడం. మెసేజ్ కాదు, ఫోన్. ఈ ఆఖరిది చేసిన కుర్రాడు కండక్టర్‌ని చిల్లర అడుగుతాడని హామీ ఇవ్వలేను, కానీ దాని దగ్గరికి వచ్చినట్టే. అక్కణ్నుంచి ‘ఈ వారం బస్సులో ఒక్కసారి అడిగి చూడు’ అన్నది మరో మెట్టు మాత్రమే. ఒక మెట్టు మీద భయం కాస్త విసుగ్గా మారేదాకా అక్కడే ఉండొచ్చు, తొందర లేదు.

ఇంటికెళ్ళాక జరిగే పోస్ట్‌మార్టానికి కూడా ఒక విరుగుడు ఉంది. క్లార్క్ పద్ధతి చికిత్సలో మనిషి మాట్లాడడాన్ని వీడియో తీసి, తర్వాత అతనికే చూపిస్తారు. తను ఊహించుకున్న వణుకు తెరమీద కనిపించదు, లేదా ఊహించుకున్నంత ఉండదు. బల్ల దగ్గర అందరూ ఒప్పుకుంటే ఒకపూట ఆటని ఫోన్‌లో రికార్డు చేసుకుని, మర్నాడు తన వంతు వచ్చిన భాగం వినొచ్చు. వినేముందు ‘నా గొంతు ఎలా ఉండి ఉంటుంది’ అని కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే విన్నది కూడా భయం రంగులోనే వినిపిస్తుంది. జనం మనల్ని ఎంత గమనిస్తారన్న దాని మీద 2000లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్టు బృందం అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థులకి, వేసుకోడానికి సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి ఓ గదిలోకి పంపింది. గదిలో ఉన్నవాళ్ళలో దాదాపు సగంమంది ఆ బొమ్మని గుర్తుపట్టి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. గుర్తుపట్టింది నాలుగో వంతు మందే. ఆటలో అయితే ఇంకా తక్కువే ఉండొచ్చు, ఎందుకంటే మిగతావాళ్ళు తమ వంతు గురించి తాము టెన్షన్ పడుతూ ఉంటారు.

మూడు భాషల గొంతు

సరిహద్దు జిల్లాల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో ఈ బరంపురంలోనే పుట్టారు. ఇప్పుడు ఇక్కడి తెలుగు పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆన్‌లైన్ ఆటలో హిందీ, ఇంటర్వ్యూలో ఇంగ్లిషు. భువనేశ్వర్ వెళ్తే ఒడియా యాస పట్టిస్తుంది, విశాఖ వెళ్తే తెలుగు యాస పట్టిస్తుంది. రెండు చోట్లా ‘నువ్వు ఎక్కడివాడివి?’ అన్నదే మొదటి ప్రశ్న. అడిగినవాడికి అది మామూలు ప్రశ్న. వినేవాడికి ‘నోరు విప్పగానే దొరికిపోయాను’ అనిపిస్తుంది. పరాయి భాషలో మాట్లాడేటప్పటి భయం మామూలు సభాభయం కన్నా ప్రత్యేకమైనదని 1986లోనే ఎలైన్ హోర్విట్జ్ బృందం చెప్పి, దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేసింది. పర్లాకిమిడిలోనో రాయగడలోనో పెరిగిన తెలుగు పిల్లలకి ఒక్కోసారి సొంత భాషలోనూ ఆ భయం తప్పదు.

ఇక్కడ గేమ్ మాస్టర్ చేయగలిగింది చాలా ఉంది. నా ఆటల్లో కొండ దిగువ సంత అంతా కలగాపులగం భాష మాట్లాడుతుంది. రాక్షసుడు కూడా “కొణ భాయి, వంతెన నీ తాతదా?” అంటాడు. మొదటి రోజు నవ్వు వస్తుంది, రెండో రోజుకి ఆటగాళ్ళు అదే భాషలో ఎదురు బేరమాడతారు. యాస పాత్రకి అలంకారం అయిపోయాక ఇంకెవరు వెక్కిరిస్తారు? స్వచ్ఛమైన గ్రాంథికం మాట్లాడే ఒక ముసలి మాంత్రికుణ్ని కూడా పెడుతుంటాను. అందరికీ వాడంటేనే పరిహాసం.

ఫోన్ వెనక

మా వైపు చిన్న ఊళ్ళలో బల్ల చుట్టూ నలుగురు దొరకడం కష్టం. గుణుపురంలోనో మోహనలోనో ఉన్న కుర్రాడికి దిక్కు ఆన్‌లైన్ ఆటే. డిస్కార్డ్ లాంటి యాప్‌లో అక్షరాలతో ఆడొచ్చు, గొంతుతో ఆడొచ్చు, మైకు మ్యూట్‌లో పెట్టి వినొచ్చు. మెట్లుగా వాడుకుంటే ఇది చక్కటి ఏర్పాటు: ముందు రాతతో, తర్వాత తెలిసిన ఇద్దరి మధ్య గొంతుతో, తర్వాత గుంపులో. చిక్కల్లా ఏంటంటే, ఇక్కడ పారిపోవడం మరీ సులువు. “నెట్ పోయిందన్నా” అన్న మాట మా ప్రాంతంలో ఎవరూ కాదనలేనిది. అందులో ఎన్ని నిజమో దేవుడికి, సెల్ టవర్‌కి ఎరుక.

రాత్రంతా ఆడేవాడిని చూసి ఇంట్లోవాళ్ళు ‘గేమ్ పిచ్చి’ అనేస్తారు. గేమ్ పిచ్చినీ మనుషులంటే భయాన్నీ వేరు చేసి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల జాబితా ప్రకారం గేమింగ్ డిజార్డర్ అంటే ఆట మీద అదుపు తప్పడం, మిగతా జీవితం కన్నా ఆటే ముఖ్యమవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, మామూలుగా 12 నెలల పాటు. బయటి మనుషులంటే భయపడి ఆటలో తలదాచుకునేవాడి ఫోన్ లాక్కుంటే, ఉన్న ఆ నలుగురు స్నేహితులూ పోతారు, భయం మాత్రం అక్కడే ఉంటుంది. ‘వాళ్ళలో ఎవరినైనా ఒకసారి ఇంటికి పిలవరా’ అనడం మేలు.

ఆట నడిపేవాళ్ళకి

చేయకూడనిది ముందు: అందరి ముందూ “నువ్వేంటి మాట్లాడవు?” అనొద్దు. ఎంత ప్రేమగా అన్నా అది స్టేజి లైటు మొహం మీద వేయడమే. ‘ఇతని తర్వాత నీ వంతు’ అని ముందే చెప్తే ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. ‘ఏం చేస్తావు?’ అన్న ప్రశ్న కన్నా ‘తలుపు తీస్తావా, ముందు చెవి ఆనించి వింటావా?’ అన్నది సులువు. మొదటిసారి గొంతు పెగిలినప్పుడు చప్పట్లు కొట్టొద్దు, రాక్షసుడి చేత జవాబు చెప్పించండి చాలు. జాన్ స్టావ్రొపోలోస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డు కూడా ఉపయోగం: బల్ల మీద ఒక కార్డు ఉంటుంది, కథ ఇబ్బంది పెట్టే వైపు వెళ్తే ఎవరైనా దాన్ని తాకుతారు, కారణం చెప్పక్కర్లేకుండా ఆ ఘట్టం మారిపోతుంది. నోరు విప్పలేనివాడికి ‘వద్దు’ అనే దారి అది. బల్ల మీద అప్పడాలు పెట్టండి. నోట్లో అప్పడం ఉన్నంతసేపు మౌనం మర్యాదే.

ఎవరినీ మార్చేద్దామని కూర్చోకండి. అమెరికాలో సియాటెల్ ప్రాంతంలోని గేమ్ టు గ్రో లాంటి సంస్థలు ఈ ఆటలనే చికిత్సకి ఉపయోగపడేలా నడుపుతున్నాయి, కానీ అక్కడ నడిపేవాళ్ళకి ఆ శిక్షణ ఉంటుంది. ఈ రంగంలో పరిశోధనలు ఆశ కలిగించేవే అయినా ఎక్కువభాగం చిన్న చిన్న గుంపుల మీద చేసినవి. సోషల్ యాంగ్జైటీకి గట్టిగా నిలబడిన చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే భయపెట్టే ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2013 నుంచీ పెద్దవాళ్ళకి మొదట సూచిస్తున్నది దాన్నే. అవసరమైతే డాక్టర్లు డిప్రెషన్‌కీ ఆందోళనకీ వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు ఇస్తారు. గుండె దడ తగ్గడానికని ప్రొప్రనొలాల్ బిళ్ళలు స్నేహితులు చెప్పారని కొనుక్కుని వేసుకునేవాళ్ళు ఉంటారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఆటకి వచ్చే రోజు పొద్దున్నుంచే వాంతి వచ్చేలా ఉన్నా, పరీక్షలూ ఇంటర్వ్యూలూ ఎగ్గొడుతున్నా, నలుగురిలోకి వెళ్ళడానికి ముందు మద్యం తాగాల్సి వస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇక పాచికలు చాలవు. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ చేయడమే భయమైనవాళ్ళకి ఫోన్ నంబరు ఇవ్వడంలో వెటకారం నాకూ తెలుసు, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చేయండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్ళినప్పుడు ఆట సంగతి దాచకండి. ‘వేషంలో మాట్లాడగలుగుతున్నాను, ఫోన్ చేసి టైమ్ ఖాయం చేయడం దగ్గర ఆగిపోయాను’ అన్న ఒక్క ముక్కతో ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టర్‌కి సగం తెలిసిపోతుంది.